సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. సెల్ఫ్ కొడితే ఇంజన్ బాగానే తిరుగుతోంది, కానీ ఒక్క సిలిండర్ కూడా అందుకోవట్లేదు. ముందు ఒక మాట చెప్పనీ, అంతసేపు ఆపకుండా సెల్ఫ్ కొట్టకురా. పది సెకన్లు కొట్టు, ఒక నిమిషం ఆగు. లేదంటే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ మోటార్ వేడెక్కి కాలిపోతుంది, మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఉన్న ఆయిల్‌ను కడిగేసి అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుంది. ఇప్పటికే చాలా కొట్టావు కాబట్టి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోల్ వాసన కొడితే స్టార్ట్ చేసే ముందే ఆయిల్ మార్చెయ్.

మెకానిక్ స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ మార్చమన్నాడు, అది కాకపోతే గాలిలో పెట్రోల్ కలిపే కార్బొరేటర్ అన్నాడని రాశావు. ఏది పోయిందో తేలేదాకా ఏదీ మార్చనివ్వకు. మీ తాతయ్యగారి అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్. అందులో కంప్యూటరూ లేదు, సెన్సరూ లేదు. సరైన సమయానికి స్పార్క్, సరిపడా పెట్రోల్, సిలిండర్లో కంప్రెషన్ (గాలిని నొక్కే ఒత్తిడి) ఉంటే అది స్టార్ట్ అయి తీరాలి. ఈ మూడిట్లో ఏది లేదో కనుక్కోవడమే మన పని, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. నెలల తరబడి షెడ్‌లో ఉన్న బండి కాబట్టి నేనైతే స్పార్క్ దగ్గరే మొదలుపెడతాను.

గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగు. స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకూ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోకి కాయిల్ నుంచి వచ్చే లావు వైరు ఉంటుంది చూడు, దాన్ని మూత నుంచి పీకి, రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకుని ఇంజన్ ఇనుముకు అర సెంటీమీటరు దూరంలో ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమను. టపటపమని నీలంగా దూకితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా తప్పు కాయిల్ దగ్గరో, పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్) దగ్గరో, బ్యాటరీలోనో ఉంది. చుట్టుపక్కల పెట్రోల్ కారి ఉంటే మాత్రం ఈ టెస్ట్ జోలికి వెళ్లకు, తుడిచి ఆరనిచ్చాకే చెయ్యి.

స్పార్క్ రాలేదనుకో, పన్నెండు వోల్టుల చిన్న ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టు. ఒకటి ఇంజన్ బాడీకి, రెండోది కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న వైరున్న టెర్మినల్‌కి పెట్టి కీ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టించు. బల్బు మినుకు మినుకుమంటే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవట్లేదు, లేదా కలిసినా మధ్యలో మురికి పట్టి కరెంటు పోవట్లేదు. అసలు వెలగకపోతే బల్బును కాయిల్ రెండో టెర్మినల్‌కి మార్చు. అక్కడ కీ ఆన్ చేయగానే వెలగాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడూ వెలగాలి. అక్కడా లేకపోతే కీ స్విచ్చో, దాని వైరో పోయింది. అక్కడ వెలిగి మొదటి టెర్మినల్ దగ్గర వెలగకపోతే, డిస్ట్రిబ్యూటర్ వైపు సన్న వైరు ఊడదీసి బల్బును మళ్లీ ఆ మొదటి టెర్మినల్‌కే పెట్టి చూడు. ఇప్పుడు వెలిగితే కాయిల్ లోపల చుట్ట తెగలేదు, పాయింట్లు తెరుచుకోకో, ఏదో వైరు బాడీకి తగిలో, పాయింట్లకు తగిలించి ఉండే కండెన్సర్ షార్ట్ అయ్యో కరెంటు డిస్ట్రిబ్యూటర్‌లోనే ఎర్త్ అవుతోంది. అప్పటికీ వెలగకపోతేనే కాయిల్ పోయినట్టు. ఈ బల్బు చెప్పేదాకా కాయిల్ కొనొద్దు. టెస్ట్ అయిపోగానే కీ ఆఫ్ చెయ్, పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ ఊరికే వేడెక్కుతుంది.

నా అనుమానం పాయింట్ల మీదే. బండి కదలకుండా ఉంటే వాటి మీద బూడిద రంగు పొర పడుతుంది, కంటికి శుభ్రంగానే కనిపిస్తాయి, కరెంటు మాత్రం పోదు. కీ ఆఫ్ చేసి, మూత తీసి, సన్న ఎమరీ కాగితం ముక్క మధ్యలో పెట్టి రెండు మూడుసార్లు మెల్లగా లాగు. తర్వాత పెళ్లి కార్డు లాంటి దళసరి కాగితాన్ని కాస్త పెట్రోల్‌లో తడిపి అదే పని చెయ్, అది నల్లటి గీత లేకుండా తెల్లగా బయటికి వచ్చేదాకా. ఆ తర్వాత బండిని టాప్ గేర్‌లో వేసి కొద్దికొద్దిగా తోయించు, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెట్టు. సందు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల సెట్ బిగించే చోట ఉండే చిన్న ఇన్సులేటర్ వాషర్లు ఒకదాని స్థానంలో ఒకటి పడినా స్పార్క్ చచ్చిపోతుంది, ఎవరైనా ఈ మధ్య చెయ్యి పెట్టి ఉంటే అది తప్పకుండా చూడు. కండెన్సర్ మారిస్తే పాతది పారెయ్యకు, కొత్తగా కొన్నవన్నీ మంచివని నమ్మడానికి లేదు.

కాయిల్ నుంచి స్పార్క్ బాగుండి ప్లగ్గుల దగ్గర లేకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత, దాని కింద తిరిగే రోటర్ చూడాలి. మూత లోపల పెన్సిల్ గీతలా సన్నని నల్ల చార ఉంటే కరెంటు ఆ దారిన పారిపోతోంది. మధ్యలో ఉండే చిన్న కార్బన్ ముక్క ఉందో లేదో వేలితో నొక్కి చూడు. మన వైపు వానాకాలంలో చెమ్మ ఒక్కటే చాలు, పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టు. రోటర్‌ని దాని స్థానంలోనే ఉంచి, కాయిల్ వైరు కొసను దాని ఇత్తడి రేకుకు దగ్గరగా పట్టి సెల్ఫ్ కొట్టించు, స్పార్క్ గట్టిగా మళ్లీ మళ్లీ రోటర్‌కి దూకితే అది లోపల షాఫ్ట్‌కి లీకవుతోందని అర్థం, మార్చెయ్. ప్లగ్గుల సందు 0.025 అంగుళం.

స్పార్క్ అంతా బాగుందని తేలాకే పెట్రోల్ జోలికి వెళ్లు. గేజ్ ముల్లును నమ్మొద్దు. ఎయిర్ క్లీనర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కదుపు, సన్నని ధార చిమ్మాలి. లేకపోతే కాయిల్ వైరు పీకేసి, కార్బొరేటర్‌కి వచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టు. ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపు (ఏసీ అనేది దాని కంపెనీ పేరు) బాగుంటే పెట్రోల్ ఆగి ఆగి బలంగా పడుతుంది. పడకపోతే ట్యాంకు మూత తెరిచి మళ్లీ చూడు, ఇప్పుడు వస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. అప్పటికీ రాకపోతే పంపులోని జాలీ, డయాఫ్రం, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపులు చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఆ కాలం రబ్బరు దానికోసం చేసింది కాదు, పైపులు బయటికి బాగున్నా లోపల ఉబ్బి, పొరలు ఊడతాయి. పైగా ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది. ట్యాంకులో ఉన్నది కిందటేడాది పెట్రోల్ అయితే, వార్నిష్ వాసన వస్తుంటే, మొత్తం తీసేసి కొత్తది నాలుగు లీటర్లు పోయించు.

ప్లగ్గులు తీస్తే తడిగా ఉన్నాయా? అయితే పెట్రోల్ ఎక్కువైంది. ఆరబెట్టి, చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని కొట్టు. పదే పదే తొక్కొద్దు.

కార్బొరేటర్‌లోంచి ఫట్‌మని పేలితే ప్లగ్ వైర్లు తారుమారయ్యాయేమో చూడు. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2, ఫ్యాన్ వైపున్నది ఒకటో సిలిండర్, పైనుంచి చూస్తే రోటర్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. మూత తీసి సెల్ఫ్ కొట్టినప్పుడు రోటర్ అసలు తిరగకపోతే మాత్రం ఇంకేమీ ముట్టుకోకు, ఇంజన్ లోపల దాన్ని తిప్పే టైమింగ్ చెయిన్ వైపు చూడాల్సి ఉంటుంది, నేను వస్తాను.

కంప్రెషన్ సంగతి మీ వీడియోలో శబ్దం బట్టి నాకు టెన్షన్ లేదు, ఇంజన్ బరువుగా లయగా తిరుగుతోంది. అయినా ప్లగ్గులు తీసినప్పుడు ఒక్కో రంధ్రం మీద బొటనవేలు పెట్టి సెల్ఫ్ కొట్టించు, వేలిని గట్టిగా నెట్టెయ్యాలి. ఇక్కడా కాయిల్ వైరు పీకి ఉంచడం మర్చిపోకు.

ఆదివారం పొద్దున బల్బు టెస్ట్ చేసి వీడియో పెట్టు, బల్బూ కాయిలూ రెండూ కనిపించేలా తియ్యి.

మీ మామయ్య