ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టొద్దన్నా

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ బాబు ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి. ఇంటర్వెల్లో పడి మోచేయి దగ్గర ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి తీగలు వేసినారు. స్కూలువాళ్ళు "ఇంకో పిల్లోడు తోసినాడు, మా తప్పేం లేదు, మానవత్వంతో సగం బిల్లు ఇస్తాం, ఇకమీదట ఏమీ అడగమని రాసివ్వండి" అంటున్నారు. సీసీ కెమెరా చూపించమంటే మాట దాటేస్తున్నారు. ఏం చెయ్యాలని అడిగినారు.

సంతకం పెట్టొద్దు. సగం కాదు, మొత్తం బిల్లు ఇస్తామన్నా ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్తా.

మాది అనంతపురం. మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో జారుడుబండ మీది నుంచి పడింది. కింద ఇసుక లేదు, సిమెంటు గచ్చు. పడింది పొద్దున ఇంటర్వెల్లో, మాకు ఫోన్ వచ్చింది మధ్యాహ్నం అన్నాల టైముకు. "చెయ్యి కొంచెం వాచింది సార్, వీలు చూసుకొని వచ్చి తీసుకుపోండి" అన్నారు. నేను పోయేసరికి ఆఫీసు రూములో బెంచీ మీద కూర్చోబెట్టినారు. ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకొని ఉంది, ఏడుపు కూడా అయిపోయింది. ఆయా నొప్పుల మందు పూసి బాగా రుద్దిందంట. డైరీలో ఎర్ర ఇంకుతో రాసి ఉంది: "ఆడుకుంటూ పడింది. మందు పూసినాము." అంతే.

సాయినగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన ముందు ఎక్స్‌రే కూడా అడగలేదు. కత్తెరతో యూనిఫాం చేయి కత్తిరించి, మణికట్టు దగ్గర నాడి చూసి, గోళ్ళు నొక్కి రంగు ఎంతసేపటికి వస్తుందో చూసినాడు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమన్నాడు. పాప చుట్టలేకపోయింది. వేళ్ళ చివర్లు వంగలేదు, రెండూ చప్పగా ఆనుకున్నాయి. అప్పుడు చెప్పినాడు: మోచేతికి కొంచెం పైన విరిగితే ఆ ఎముక నరాన్నీ రక్తనాళాన్నీ నొక్కే ప్రమాదం ఉంటుంది, 5 నుంచి 7 ఏళ్ళ పిల్లల్లో మోచేతి దగ్గర ఎక్కువగా చూసే విరుపు ఇదే, దీన్ని రుద్దకూడదు, బిగించి కట్టకూడదు, కదలకుండా పెట్టి తొందరగా తేవాలి అని.

మా బంధువులు ఆ రోజు రాత్రి దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు, "ఆపరేషన్ ఎందుకప్పా, పుత్తూరు కట్టు వేయిస్తే పోతుంది కదా" అని. మన సీమలో ఈ మాట ప్రతి ఇంట్లో వస్తుంది, మీకూ వచ్చే ఉంటుంది. నరం, నాళం దగ్గరి విరుపుకు మాత్రం ఆ దారి పట్టొద్దని ఎవరు అడిగినా చెప్తా. వాపు మీద గట్టి కట్టు పడితే చేతికి రక్తం ఆడక చెయ్యే పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు సంతకం సంగతి. తీగలు తీసేసినంత మాత్రాన ఇది అయిపోదు. నరం దెబ్బ చాలామంది పిల్లల్లో దానంతట అదే తగ్గుతుంది గానీ నెలలు పడుతుంది. మా పాప పెన్సిలు సరిగ్గా పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది. ఎముక కొంచెం వంకరగా అతుక్కుంటే మోచేయి లోపలికి వంగినట్టు అవుతుంది, అది కట్టు విప్పి చెయ్యి పూర్తిగా చాపినప్పుడే తెలుస్తుంది. కొందరికి మళ్ళీ సరిచేసే ఆపరేషన్ కావాల్సి వస్తుంది. ఇవన్నీ తేలకముందే "ఇక ఏమీ అడగం" అని రాసిస్తే, రేపు అడగాల్సి వచ్చినప్పుడు మీ సంతకమే మీకు అడ్డం వస్తుంది. స్కూలువాళ్ళు తొందర పెడుతున్నది అందుకే. డబ్బు ఇస్తే తీసుకోండి, "వైద్యం ఖర్చు కింద ఇంత ముట్టింది" అని రసీదు ఇవ్వండి. అంతకుమించి ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

తోసిన పిల్లోడి మాట. మాకూ ఇదే చెప్పినారు. మా పాపను తోసిందన్న పాప వాళ్ళ నాయన ఫోన్ నంబరు కూడా ప్రిన్సిపాల్ ఇచ్చినాడు, "మీరూ మీరూ మాట్లాడుకోండి" అని. దయచేసి ఆ దారిలో పోవద్దన్నా. ఆరేళ్ళ పిల్లలు తోసుకుంటారు, దానికే కదా ఇంటర్వెల్లో టీచరును నిలబెట్టేది. రెండు కుటుంబాలు కొట్లాడుకుంటే స్కూలు పక్కకు తప్పుకుంటుంది. ఎవరు తోసినారన్నది వదిలేయండి. ఆ టైములో గ్రౌండులో డ్యూటీ ఎవరిది, వాళ్ళు అక్కడ ఉన్నారా లేదా, పడినప్పటి నుంచి ఆస్పత్రి దాకా ఎంతసేపు పట్టింది. ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సింది పెద్దవాళ్ళు.

నాతో ప్రిన్సిపాల్ అన్న మాట: "పిల్లలు ఇంట్లో పడరా సార్?" పడతారు. నేను చెప్పింది ఒకటే: "ఇంట్లో పడితే రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టం సార్, చెయ్యి రుద్దం." ఆ తర్వాత ఆయన గొంతు తగ్గింది. మా గొడవంతా పడటం గురించి కాదు, పడినాక జరిగిన ఆలస్యం గురించి. మీరు కూడా అక్కడే గట్టిగా పట్టుకోండి. కేంద్ర విద్యాశాఖ 2021లో స్కూళ్ళలో పిల్లల భద్రతకు యాజమాన్యాలను బాధ్యుల్ని చేస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్యం అందించడంలో ఆలస్యం చెయ్యడాన్ని అందులో నిర్లక్ష్యం కిందే లెక్కపెట్టినారు.

నోటి మాటలు ఆపేసి కాగితం మీదికి రండి. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయండి: తేదీ, తరగతి, ఎన్ని గంటలకు పడినాడు, మీకు ఎన్ని గంటలకు ఫోన్ వచ్చింది (ఫోన్లో కాల్ లిస్టు ఫొటో తీసి పెట్టుకోండి), డ్యూటీ టీచరు ఎవరు, ప్రథమ చికిత్స ఎవరు ఏం చేసినారు, ఆస్పత్రికి ఎందుకు తీసుకుపోలేదు. ఆ రోజు కెమెరా రికార్డు చెరిపెయ్యకుండా భద్రపరచమని విడిగా ఒక పేరా రాయండి. ఇది అన్నిటికన్నా తొందరగా చెయ్యాల్సిన పని. ఆ డబ్బాల్లో కొన్నాళ్ళకు పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. మీరు రాతపూర్వకంగా అడిగినాక చెరిగిపోతే ఆ సంజాయిషీ వాళ్ళే ఇచ్చుకోవాల. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వెయ్యము అంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ, చేరినట్టు వచ్చే వివరం దాచండి. మా స్కూలు ఆఫీసులో ముద్ర వెయ్యలేదు. పోస్టులో పోయినాక మాత్రం రెండో రోజే కరస్పాండెంట్ నుంచి ఫోన్ వచ్చింది.

ఆస్పత్రి కాగితాల్లో "స్కూల్లో పడి" అని ఉందా చూసుకోండి. చాలాచోట్ల ఉత్త "పడటం వల్ల" అని రాసేస్తారు. లేకుంటే డాక్టరును అడిగి, డిశ్చార్జి కాగితంలో ఎక్కడ, ఎన్ని గంటలకు అనేది చేర్పించండి.

స్కూలు నుంచి సరైన జవాబు రాకపోతే మండల విద్యాధికారికి (ఎమ్ఈఓ), ఒక కాపీ కడపలో జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు ఇవ్వండి. విద్యాహక్కు చట్టం 2009లో 32వ సెక్షన్ కింద పిల్లల హక్కుల మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే స్థానిక అధికారి మూడు నెలల్లో తేల్చాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వండి. అక్కడ నంబరు పడుతుంది, ఆ నంబరుకు కింది ఆఫీసు జవాబు రాయక తప్పదు. మా అర్జీ మీద ఎమ్ఈఓ స్కూలుకు వచ్చి జారుడుబండ కింద గచ్చు ఫొటోలు తీసుకున్నాడు. డ్యూటీ పట్టిక అడిగితే స్కూలు దగ్గర అసలు పట్టికే లేదు. మాకు ఎక్కువ పనికొచ్చింది ఆ ఒక్క పేజీ రిపోర్టే.

పోలీసు కేసు గురించి అడిగినారు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. నేను మాత్రం ఫిర్యాదు ఇవ్వలేదు. మాకు కావాల్సింది వైద్యం ఖర్చు, ఆ గచ్చు తీసెయ్యడం. టీచరమ్మను స్టేషన్లో కూర్చోబెట్టడం వల్ల ఆ రెండూ రావు అనుకున్నాను. ఎవరైనా కొట్టి ఉంటే మాత్రం ఈ లెక్క మారిపోతుంది. స్కూల్లో కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం, పిల్లల సంరక్షణ చూసే సంస్థలో పనిచేసేవాళ్ళు హింసిస్తే బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా కఠిన శిక్ష. అట్లాంటప్పుడు ఎమ్ఈఓ దగ్గర ఆగొద్దు, ఆ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి స్టేషన్‌కు పోవాల. మీ బాబును ఒకసారి నెమ్మదిగా, బెదిరించకుండా, వేరేవాళ్ళు లేనప్పుడు అడగండి.

"అడ్మిషన్ ఫారంలో ప్రమాదాలకు స్కూలు బాధ్యత లేదని మీరే సంతకం పెట్టినారు" అని కూడా అంటారు. భయపడొద్దు. అట్లాంటి అచ్చు వాక్యం ఉన్నంత మాత్రాన పిల్లల్ని చూసుకోవాల్సిన బాధ్యత ఎగిరిపోదు. 1995లో పంజాబ్‌లో ఒక స్కూలు విహారయాత్రలో బియాస్ నదిలో 14 మంది పిల్లలు మునిగిపోయినారు. ఒక్కొక్కరికి ఐదు లక్షలు పరిహారం ఇవ్వాలన్న తీర్పును సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. తమిళనాడులో కుంభకోణం స్కూలు మంటల తర్వాత వేసిన కేసులో, 2009లో, సురక్షితమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనని చెప్పింది. మన పిల్లోడి చెయ్యి అంత పెద్ద కేసు కాకపోవచ్చు, సూత్రం మాత్రం అదే.

ఇంట్లో ఆడవాళ్ళకు ఉండే భయం వేరే, మా ఇంట్లోనూ అదే: గొడవ పెట్టుకుంటే పిల్లను సరిగ్గా చూడరు, టీసీ చేతిలో పెడతారు. ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని స్కూలు నుంచి తీసెయ్యడానికి లేదు, విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్. మేము క్లాసు టీచరుతో విడిగా మాట్లాడినాం. "మీ మీద కోపం లేదు మేడం, మా గొడవ మేనేజ్‌మెంట్‌తో" అని చెప్పినాం. ఆమె మా పాపకు నోట్సు తనే రాసిచ్చింది. అట్ల చెప్పడం చాలా అవసరం, ఎందుకంటే రోజూ పిల్లల పక్కన ఉండేది ఆమె. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం బాబు ఫొటో, ఆ ఇంకో పిల్లోడి పేరు, ఏదీ పెట్టొద్దు.

చివరికి రాజీ కుదిరితే ప్రిన్సిపాల్ రూములో కాకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర చేసుకోండి. కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాసుకున్న ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, స్కూలు మాట తప్పితే అమలు చేయించుకోవచ్చు. మాది అట్లనే తెమిలింది. ఆపరేషన్, ఫిజియోథెరపీ ఖర్చు ఇచ్చినారు, నరం గురించి తర్వాత ఏదైనా తేలితే అడిగే హక్కు మాకు ఉంచినారు, జారుడుబండ కింద ఇసుక పోసినారు. వాళ్ళు తెచ్చిన ముసాయిదాలో "ఇకపై ఎటువంటి క్లెయిమూ ఉండదు" అనే లైను ఉండింది. దాన్ని కొట్టేయించిన తర్వాతే మా ఆవిడ, నేను సంతకం పెట్టినాం.

ముందు ఈ రెండు రోజుల్లో కెమెరా గురించి ఆ లెటర్ ఇచ్చెయ్యండి. రాయడం కష్టంగా ఉంటే పేర్లు తీసేసి ఇక్కడే పెట్టండన్నా, నేను చూసి దిద్ది ఇస్తా.