పైసలు కట్ అయినయ్, సౌండ్ బాక్స్ మాట్లాడలే

ఈ నెల వచ్చిన ప్రశ్నలల్ల సగానికి ఎక్కువ ఫోనుతోటి, యాప్‌లతోటి, కస్టమర్ కేర్‌తోటి పడుతున్న గోసనే. పాస్‌బుక్కుల గురించి, పత్తి రేటు గురించి రాసినోళ్ళు జర ఓపిక పట్టుండ్రి, మీ ముచ్చట వచ్చే సంచికల. ఈసారి ఈ లొల్లి తెంపుదాం.

అన్నా, మందుల దుకాణంల 4,800 ఫోన్‌తోటి కొట్టిన. నాకు పైసలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, సేటు దగ్గర సౌండ్ బాక్స్ మాత్రం మాట్లాడలే. ఆయన రాలేదంటడు, నేను పోయినయ్ అంట, నా వెనుక లైన్ల మంది నిలబడ్డరు. ఆఖరికి మల్ల నగదు ఇచ్చి మందు తెచ్చుకున్న. బ్యాంకుకు పోతే "వస్తయ్ తియ్, ఆగు" అన్నరు. ఎన్ని రోజులు ఆగాలె?
– రైతు, జమ్మికుంట

ఆగుడుకు ఒక లెక్క ఉన్నది తమ్మీ, బ్యాంకోళ్ళు నీకు ఆ లెక్క చెప్పలే అంతే. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లనే అన్ని బ్యాంకులకు రాసిచ్చింది. యూపీఐల మనిషికి పంపిన పైసలు అవతల పడకుంటే తెల్లారి రోజు అయిపోయేలోపు వాపస్ రావాలె, దుకాణానికి కట్టినయ్ అయితే ఐదు రోజులల్ల రావాలె. అది దాటితే రోజుకు 100 రూపాయల లెక్కన బ్యాంకే నీ అకౌంట్‌ల పరిహారం వెయ్యాలె, అది గూడ నువ్వు దరఖాస్తు పెట్టకున్నా, అడగకున్నా. ఏటీఎంల నోట్లు రాకుండ అకౌంట్‌ల కట్ అయినా ఇదే ఐదు రోజులు, ఇదే 100. కౌంటర్ల కూసున్న పిల్లగానికి ఈ సంగతి తెలుసో లేదో నాకైతే అనుమానమే, తెలిసినోడు మాత్రం "ఆగు" అని ఊకె అనడు, ఏ తారీఖు దాకా ఆగాలెనో చెప్తడు.

ఇప్పుడు నువ్వు చేసే పని. యాప్‌ల ఆ లావాదేవీ మీద నొక్కితే 12 అంకెల యూటీఆర్ నంబర్, అంటే ఆ లావాదేవీ గుర్తు నంబర్, కనపడతది, దాన్ని కాగితం మీద రాసుకో, స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకో. అక్కడనే హెల్ప్ అనో, కంప్లైంట్ అనో ఉంటది, అందుల ఫిర్యాదు పెట్టు, బ్యాంకుకు గూడ రాతపూర్వకంగ ఒకటి ఇచ్చి రిసీట్ తీసుకో, నోటి మాటతోటి వదిలిపెట్టకు. 30 రోజులైనా జవాబు రాకుంటే, లేకుంటే వచ్చిన జవాబు నీకు నచ్చకుంటే, బ్యాంకుల మీద ఫిర్యాదులు ఇనే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నడు, ఆన్‌లైన్‌ల పెట్టుకోవచ్చు, పైస ఖర్చు లేదు, ఏమన్న తెలుసుకోవాలంటే 14448 కు ఫోన్ చెయ్యి.

ఇంకో ముచ్చట, ఇది సేట్లు గూడ చదవాలె. సౌండ్ బాక్స్‌ల దాని సిమ్ము దానికి వేరే ఉంటది. సీజన్ల మార్కెట్ నిండ జనం ఉన్నప్పుడు ఆ సిమ్ముకు నెట్ దొరకకపోతే పైసలు పడ్డా డబ్బా నోరు తెరవదు. అందుకే డబ్బాను నమ్ముకోవద్దు, సేటు తన యాప్‌లనో బ్యాంకు మెసేజ్‌లనో చూసుకోవాలె. అట్లని కస్టమర్ చూపిచ్చిన స్క్రీన్‌ను గూడ నమ్మొద్దు, ఉత్త స్క్రీన్ చూపిచ్చే నకిలీ యాప్‌లు ఉన్నయ్, సేట్లు భయపడుతున్నరంటే ఊకెనే కాదు. తమ్మీ నీ కేసుల పైసలు ఆలస్యంగ సేటు అకౌంట్‌ల పడే ఛాన్స్ గూడ ఉన్నది, అప్పుడు ఆయనకు రెండుసార్లు ముట్టినట్టు. గందుకే మల్ల నగదు ఇచ్చేటప్పుడు బిల్లు మీద "యూపీఐ 4,800 పెండింగ్, నగదు తీసుకున్న" అని ఆయనతోటి ఒక లైను రాయించుకుంటే అయిపాయె. ఇప్పటికైనా పోయి రాయించుకో, సీజన్ అయిపోయినంక అడిగితే ఎవరికీ యాదికుండదు.

వాషింగ్ మిషన్ కొని 7 నెలలు, నీళ్ళు బయటికి పోతలేవు. కస్టమర్ కేర్‌కు చేస్తే పావుగంట మిషనే మాట్లాడింది, ఆఖరికి కంప్లైంట్ రాసుకున్నరు. టెక్నీషియన్ ఫోన్ చేసి "రేపు పొద్దుగాల వస్త మేడం, మీకు హ్యాపీ కోడ్ వచ్చింది కదా చెప్పుండ్రి" అంటే చెప్పిన. పది నిమిషాలల్ల "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్. మనిషి ఇప్పటిదాకా రాలే, బట్టలు చేతులతోటి పిండుతున్న.
– గృహిణి, నయీంనగర్, హనుమకొండ

అక్కా, ఆ కోడ్ అంటే మీ సంతకం. పని అయింది, నేను ఖుషీగ ఉన్న అని మీరు కంపెనీకి చెప్పినట్టు. మనిషి ఇంటికొచ్చి, మిషన్ తిప్పి చూపిచ్చి, నీళ్ళు పోయినంకనే చెప్పాలె, ఫోన్‌ల అడిగినోళ్ళకు చెప్పొద్దు. ఆ పిల్లగాడు గూడ ఏం చేస్తడు, ఇన్ని గంటలల్ల కంప్లైంట్ క్లోజ్ చెయ్యకపోతే పైనోళ్ళు వానికి తిట్లు, గందుకే ముందుగాల కోడ్ అడుగుతున్నడు, అయినా వాని టార్గెట్ కోసం మీరు బట్టలు పిండాల్సిన పని లేదు.

కంపెనీకి ఈమెయిల్ పెట్టుండ్రి, మీకు రాకపోతే పిల్లలతోటి పెట్టియ్యుండ్రి: ఫలానా తారీఖు ఫలానా కంప్లైంట్ నంబర్, మనిషి రాకుండనే కోడ్ తీసుకొని క్లోజ్ చేసిండ్రు, మల్ల తెరువుండ్రి అని. బిల్లు ఫోటో, వారంటీ కార్డు ఫోటో దానికి జతచెయ్యాలె. వారం చూడుండ్రి, కదలకపోతే 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడుతరు, వాట్సాప్‌ల అయితే 8800001915. వాళ్ళు కంపెనీని శిక్షించరు, మీ ఫిర్యాదును కంపెనీల పైదాకా పంపుతరు. మనం ఎంత మొత్తుకున్నా ఇననోళ్ళు అటునుంచి వస్తే ఇంటరు.

దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చానామంది ఇది వింటనే కోర్టు, లాయరు, తిరుగుడు అని జంకుతరు. 2019 చట్టం, 2020 జులై నుంచి అమలైతున్నది, అందుల మీరు ఉండే జిల్లాలనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైల ఉన్నా చెన్నైల ఉన్నా సరే. మీరు కట్టిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకుండ మీరే చెప్పుకోవచ్చు. రెండేండ్ల లోపు వెయ్యాలె, అది మాత్రం మర్చిపోవద్దు.

ఇంకొకటి, సర్వీస్ నంబర్ నెట్‌ల వెతకకుండ్రి. పైన కనపడే నంబర్లల్ల దొంగలవి గూడ ఉంటయ్, వారంటీ కార్డు మీదున్న నంబర్‌కే చెయ్యుండ్రి.

మా నాయిన ఫోన్‌ల నెలనెలా 199 పోతున్నయ్. జాతకం చెప్పే యాప్ ఏదో "1 రూపాయి ట్రయల్" అంటే ఒత్తిండట. యాప్ డిలీట్ చేసిన, అయినా పోతున్నయ్.
– విద్యార్థి, కాకతీయ యూనివర్సిటీ

యాప్ తీసేస్తే ఒప్పందం పోదు. ఆ 1 రూపాయి ఒత్తినప్పుడు ఆయన పిన్ కొట్టి ఆటోపేకు, అంటే నెలనెలా పైసలు వాటంతటవే కట్ అయ్యే పద్ధతికి, ఒప్పుకున్నడు, అది బ్యాంకు దగ్గర బతికే ఉన్నది. యూపీఐ యాప్‌ల ఆటోపే అనో మాండేట్ అనో ఉంటది, అందులకు పోతే లిస్టు కనపడతది, క్యాన్సిల్ కొట్టు, పిన్ అడుగుతది, అంతే. లిస్టుల ఇంకేమన్న ఉన్నయో గూడ చూడు, ఒకటి వెతుకుతే మూడు దొరుకుతయ్. కట్ చేసే 24 గంటల ముందు మెసేజ్ రావాలె, అది రూలు, వచ్చే ఉంటది గూడ, లోన్ల మెసేజ్‌ల నడుమ అది ఎవలకు కనపడ్డది. ఎక్కుడు సులువు దిగుడు కష్టం పెట్టే ఈ పద్ధతిని 2023 నవంబర్‌ల కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లల్ల కస్టమర్‌ను మాయ చేసే పద్ధతులు) మార్గదర్శకాలల్ల పేరుపెట్టి తప్పన్నరు, అందుల మొత్తం 13 రకాలున్నయ్. 1915 కు చెప్పేటప్పుడు "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" అను, వాళ్ళకు చప్పున సమజైతది. జాతకంల ఈ 199 సంగతి ఉన్నదో లేదో మీ నాయిననే అడుగు.

ఊరి వాట్సాప్ గ్రూపుల "పీఎం కిసాన్" అని ఒక ఫైల్ వచ్చింది, మనోళ్ళే పంపిండ్రు కదా అని ఒత్తిన. రాత్రికి 18,000 పోయినయ్. ఓటీపీ గూడ ఎవ్వలకు చెప్పలే.
– చదువరి, నర్సంపేట

ఇది చదివేదాకా ఆగినవంటే ఇప్పుడే ఆపి 1930 కు, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఫోన్ చెయ్యి, మిగిలింది తర్వాత చదువు. పైసలు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు ఉరుకుతుంటయ్, ఎంత తొందరగ చెప్తే అంత ఆపే అవకాశం ఉంటది.

పంపినోడు మనోడే, కానీ వాడు పంపలే. పేరు చివర ఏపీకే అని ఉన్న ఫైల్ అంటే యాప్. అది వాని ఫోన్‌ల దూరి గ్రూపులన్నింటికి తననుతనే పంపుకున్నది. నీ ఫోన్‌ల గూడ మెసేజ్‌లు చదివే పర్మిషన్ తీసుకున్నది, గందుకే నువ్వు ఓటీపీ చెప్పకున్నా అదే చూసుకున్నది. ట్రాఫిక్ చలాన్ అని, పెండ్లి పత్రిక అని గూడ గిట్లనే వస్తున్నయ్. ముందుగాల ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టు. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి అకౌంట్ ఆపించు, కంప్లైంట్ నంబర్ తీసుకో. తర్వాత ఆ యాప్ తీసెయ్యి, చేతగాకపోతే ఫోన్ మొత్తం రీసెట్ కొట్టిచ్చు, అప్పటిదాకా అందుల పిన్నులు కొట్టకు. 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ రూలు ప్రకారం తప్పు నీది గాక, బ్యాంకుది గాక మూడో వానిదైతే మూడు పని దినాలల్ల చెప్పినోళ్ళకు నష్టం ఉండదు. నీ కేసుల "నువ్వే ఒత్తినవ్" అని బ్యాంకు వాదిస్తది, అది ఎటు తేలుతదో నేను హామీ ఇయ్యలేను, కానీ చెప్పినంక పోయిన పైసలకు మాత్రం బ్యాంకుదే బాధ్యత. ఆలస్యం చెయ్యకుమంటున్నది గందుకే.

బట్టల షాపుల ఫోన్ నంబర్ చెప్తేనే బిల్లు కొడ్తం అంటుండ్రు. చెప్పినప్పటి నుంచి రోజూ ఆఫర్లే.
– చదువరి, పెద్దపల్లి

చెప్పాల్సిన పని లేదు. నంబర్ కోసం జబర్దస్తీ చెయ్యొద్దని 2023 మే నెలల కేంద్ర వినియోగదారుల శాఖ షాపులోళ్ళకు చెప్పింది. "నంబర్ లేదు, బిల్లు కొట్టు" అని నిలబడు, కొడ్తడు. ఇప్పటికే వస్తున్నవాటికి 1909 ల డీఎన్‌డీ, అంటే ఆఫర్ల ఫోన్లు, మెసేజ్‌లు నాకొద్దు అని, పెట్టు.

బిడ్డా, అమెరికాల ఉన్న మా కొడుకు పెద్ద టీవీ కొనిచ్చిండు. ఆన్ చేస్తే వార్తలు రావు, ఎవలెవలో సినిమా బొమ్మలు వస్తయ్. రిమోట్ మీద అంకెలు లేవు. నాకు వార్తలు కావాలె, గంతే.
– రిటైర్డ్ ఉద్యోగి, జనగామ

బాపూ, మీ టీవీ ఖరాబు గాలే, దాని తీరే అంత. మీకు కేబుల్ డబ్బా ఉంటే ఆ డబ్బా వైరు టీవీ వెనుక హెచ్‌డీఎంఐ అనే దాంట్ల పెట్టి ఉంటది. చాన టీవీలల్ల సెట్టింగ్స్‌ల "ఆన్ చేసినప్పుడు ఏది రావాలె" అని అడిగే ఆప్షన్ ఉంటది, అందుల హెచ్‌డీఎంఐ పెట్టిస్తే ఆన్ చేయంగనే మీ ఛానల్ వస్తది, ఇగ కేబుల్ రిమోట్ ఒక్కటే చేతుల పట్టుకుంటే సరి, దాని మీద అంకెలుంటయ్. గూగుల్ టీవీ అయితే అకౌంట్ సెట్టింగ్స్‌ల "యాప్స్ ఓన్లీ మోడ్" ఉంటది, అది పెడితే ఆ సినిమా బొమ్మలు చానా మట్టుకు తగ్గుతయ్. మీ కొడుకుకు వీడియో కాల్ చేసి ఫోన్‌ను టీవీ దిక్కు తిప్పుండ్రి, కొనిచ్చినోడే కూసుండి సెట్ చేపిస్తడు. వాళ్ళకు తెల్లారినంకనే చెయ్యుండ్రి, నడిరాత్రి లేపితే పని సగంల వదిలి పండుకుంటడు.