తెర సైజు గదినే అడగండి

ప్రశ్న (తాడిపత్రి నుంచి): మిద్దె మీద 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గది ఉంది. పైకప్పు నాపరాతి బండలు. ఇంట్లో అందరూ 120 అంగుళాల బొమ్మ కావాలంటున్నారు. ఆన్‌లైన్లో 9 వేలకే ‘15,000 ల్యూమెన్లు, 4కె సపోర్ట్’ అని ఒక ప్రొజెక్టర్ ఉంది. దుకాణంలో 3,000 ల్యూమెన్లదానికి 60 వేలు చెబుతున్నారు. ఏది తీసుకోవాలి?

జవాబు: ల్యూమెన్ అంటే ప్రొజెక్టర్ వెలుగుకు కొలత. ఆ 15,000 ఏ పద్ధతిలోనూ కొలిచిన అంకె కాదు, పెట్టె మీద అచ్చేసిన అంకె. ఆన్సి ల్యూమెన్లు గానీ ఐఎస్ఓ ల్యూమెన్లు గానీ ఎన్నో అడగండి. ఆన్సి పద్ధతిలో తెల్లని బొమ్మను తొమ్మిది గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో వెలుగు కొలిచి సగటు తీస్తారు. అలా కొలిస్తే ఈ చవక రకాలు చాలావరకు కొన్ని వందల దగ్గరే ఆగిపోతాయి. ‘4కె సపోర్ట్’ కూడా అలాంటి మాటే. 4కె సిగ్నల్ ఇస్తే తీసుకుంటుందని దానర్థం, తెర మీద వేసేది మాత్రం 720 గీతలే కావచ్చు. చూడాల్సింది ‘నేటివ్ రిజల్యూషన్’, అంటే తెర మీద నిజంగా వేసే చుక్కల లెక్క. అక్కడ 1920 × 1080 కంటే తక్కువుంటే వదిలేయండి.

ఇక టేపు తీసుకోండి. ప్రొజెక్టర్ ఒళ్లు ఒక అడుగు, వెనక గాలికీ వైర్లకూ ఇంకో అడుగు పోతే లెన్స్ నుంచి తెర గోడకు మిగిలేది 12 అడుగులు. ఈ దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేదే త్రో రేషియో. ఇళ్లలో వాడే చాలా మోడళ్లలో ఇది 1.2 నుంచి 1.5 మధ్య ఉంటుంది. 12ను 1.5తో భాగిస్తే 8 అడుగుల వెడల్పు, అంటే మూల నుంచి మూలకు కొలిస్తే 110 అంగుళాల తెర. వెనక గోడ దగ్గర పెడితే ఇంతకన్నా చిన్న బొమ్మ రాదు. 120 అంగుళాలు (8 అడుగుల 9 అంగుళాల వెడల్పు) కూడా పడుతుంది. కానీ సోఫా 11 అడుగుల దూరంలోనే ఉంటుంది కాబట్టి సబ్‌టైటిళ్ల కోసం మెడ తిప్పాల్సి వస్తుంది. పైగా 110తో పోలిస్తే అదే వెలుగు దాదాపు ఐదో వంతు ఎక్కువ జాగాకు పరుచుకోవాలి. మా ఓటు 110కే.

వెలుగు లెక్క కూడా చూడండి. 110 అంగుళాల తెర 36 చదరపు అడుగులు. చీకటి గదిలో, గెయిన్ (తెర వెలుగును తిప్పికొట్టే శక్తి) 1 ఉన్న మామూలు తెల్ల తెరకు చదరపు అడుగుకు 16 ల్యూమెన్లు పడితే థియేటర్ వెలుగు వచ్చినట్టే. అంటే 580 దాకా కావాలి. సినిమా మోడ్, ఎకో మోడ్ (కరెంటు ఆదా చేసేది) పెట్టగానే ప్రొజెక్టర్ వెలుగు సగానికి పడిపోవచ్చు కనుక, నిఖార్సైన 1,200 ఉంటే చీకట్లో చాలు. పండగపూట పగలు కర్టెన్లు వేసుకుని, లేదా ట్యూబ్‌లైట్ వెలుగులో చూసేవాళ్లకు 3,000 కావాలి. దుకాణంలోది ఖరీదే, కానీ మీ గదికి సరిపోయేది అదే. కొనేముందు దాని త్రో రేషియో ఒకసారి సరిచూసుకోండి.

బిగింపు దగ్గరే మీ ఇంటికి అసలు చిక్కు. బండకు డ్రిల్లు పెట్టించకండి. హ్యామర్ దెబ్బకు బండ చిట్లుతుంది, వానకు కారుతుంది. వెనక గోడకు ఇనుప బ్రాకెట్లతో అర వేయించండి. అయితే అర మీద మామూలుగా నిలబెడితే బొమ్మ కప్పుకెక్కుతుంది. ఎక్కువ మోడళ్లు బొమ్మను లెన్స్ కంటే పైకి వేసేలా తయారవుతాయి మరి. అందుకే అర కింద తలకిందులుగా బిగించి, మెనూలో ‘సీలింగ్’ ఎంచుకోవాలి. అప్పుడు బొమ్మ కిందికి దిగుతుంది. వాలుగా పెట్టి కీస్టోన్‌తో (వంకరపోయిన బొమ్మను చదరంగా దిద్దే సెట్టింగ్) సరిచేద్దామనుకోకండి. అది అంచుల్లో పిక్సెళ్లను తినేసి అక్షరాలను మసకబారుస్తుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి మట్టంగా బిగిస్తే కీస్టోన్‌తో పనే ఉండదు.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి): ఏప్రిల్ మొదలైతే చాలు, మా ప్రొజెక్టర్ మధ్యాహ్నం గంట ఆడి దానంతటదే ఆగిపోతోంది. ‘టెంప్’ లైటు వెలుగుతోంది. చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు, తనను తాను కాపాడుకుంటోంది. మాన్యువల్లో పనిచేసే ఉష్ణోగ్రత చూడండి, చాలావాటికి 35 లేదా 40 డిగ్రీలే హద్దు. బయట 42 ఉన్న రోజు పైకప్పు కింద వేడి, మీరు కూర్చున్న చోటికన్నా ఇంకా ఎక్కువ. కప్పు నుంచి ఒక అడుగు కిందికి దించండి, చుట్టూ ఒక అడుగు ఖాళీ వదలండి. దుమ్ము పడకూడదని అద్దాల పెట్టెలో పెట్టినవాళ్లకు ఈ జబ్బు తప్పదు. ఏసీ అరగంట ముందే వేసి, ఎకో మోడ్‌లో నడపండి. ఎల్‌సీడీ రకమైతే ఫిల్టర్ తీసి చూడండి. బండల పాలిష్ యూనిట్లు దగ్గరుంటే నెలకోసారి బ్లోయర్‌తో ఊదాలి. నీళ్లతో కడగొచ్చని మాన్యువల్లో ఉంటే తప్ప కడగకండి.

ల్యాంపు రకానికి ఇంకో జాగ్రత్త. సినిమా మధ్యలో కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది గానీ ల్యాంపు వేడి అక్కడే ఉంటుంది. దాని ఆయుష్షు తగ్గేది ఇలాగే. 1,000 విఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. కరెంటు పోగానే రిమోట్‌తో ఆపి, ఫ్యాన్ నిలిచాకే స్విచ్ తీయండి.

ప్రశ్న (కడప నుంచి): ల్యాంపా, లేజరా?

జవాబు: రోజుకు మూడు గంటలు చూస్తే ఏడాదికి 1,100 గంటలు. ల్యాంపు 4,000 నుంచి 5,000 గంటలు, అంటే నాలుగేళ్లు వస్తుంది. లేజర్‌కు కంపెనీలు 20,000 గంటలు చెబుతాయి, అదీ వెలుగు సగానికి తగ్గేవరకు. వారానికి ఒక సినిమా చూసేవాళ్లకు ల్యాంపు చాలు. క్రికెట్, సీరియళ్లు అన్నీ దాని మీదే అయితే లేజర్.

ప్రశ్న (కర్నూలు నుంచి): గోడలో వేసిన 10 మీటర్ల హెచ్‌డీఎంఐ వైరుతో 4కె పెడితే తెర మిణుకుమంటూ నల్లబడుతోంది. 1080లో బాగానే ఉంది.

జవాబు: 4కె, 60 ఫ్రేములకు సెకనుకు 18 గిగాబిట్లు పోవాలి. మామూలు రాగి వైరు 5 మీటర్లు దాటితే తడబడుతుంది. యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ (సిగ్నల్‌ను వెలుగుగా మార్చి ఫైబర్‌లో పంపే వైరు) తెప్పించండి. దానికి దిశ ఉంటుంది: ‘సోర్స్’ అని రాసిన కొస ప్లేయర్ వైపు, ‘డిస్‌ప్లే’ అని ఉన్నది ప్రొజెక్టర్ వైపు. తారుమారైతే బొమ్మే రాదు. ముందు నేల మీదే పరిచి, రెండు గంటలు ఆడించి, ఆ తర్వాతే గోడలోకి లాగండి. ప్లగ్గు వెడల్పే 2 సెంటీమీటర్లుంటుంది కాబట్టి ముప్పావు అంగుళం పైపులో దూరదు, ఒకటిన్నర అంగుళం పైపు కావాలి.