బోరు నీళ్లకు ఏ గీజర్ పెట్టించాలి?

బిడ్డా,

అల్లుడు పంపిన గీజర్ ఫోటో చూశాను. అది మూడు లీటర్ల ఇన్‌స్టంట్, అంటే నీళ్లు పారుతుండగానే కాచేది. ధర తక్కువే, కానీ మీ ఇంటికి వద్దు. మీరు బకెట్‌తో పోసుకునేవాళ్లు. చలికాలంలో దాంతో బకెట్ నిండాలంటే నల్లా సన్నగా తిప్పి పది నిమిషాలు నిలబడాలి. వంటింట్లో గిన్నెలు కడగడానికైతే బాగుంటుంది.

ట్యాంకులో నీళ్లు కాచి నిలవుంచే స్టోరేజీ గీజర్ పదిహేను లీటర్లది తీసుకోండి. చన్నీళ్లు కలుపుకుంటే ఒకటిన్నర బకెట్ వస్తుంది. పొద్దున వరసగా నలుగురు పోసుకోవాలంటే ఇరవై ఐదు లీటర్లది మేలు. రెండు కిలోవాట్లదైతే పదిహేను లీటర్లు కాగడానికి ఇరవై నిమిషాలు, ముప్పావు యూనిట్ కరెంటు. రోజంతా ఆన్‌లో పెట్టడం దండగ.

అసలు సంగతి నీళ్లది. నల్గొండ బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. సర్కారు నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి, వంటకు పోతే బాత్రూంకి దిగేది బోరు నీళ్లే. ఇన్నేళ్లు కరెంటు పనిలో ఉన్నాను, మన వైపు గీజర్ విప్పితే కాయిల్ కనపడదు. గుడ్డు పెంకు లాంటి తెల్లని పొర, గోరుతో గీకితే పలుకులుగా రాలుతుంది. ఆ పొర పట్టాక నీళ్లలోకి వేడి సరిగా దిగదు, బిల్లు పెరుగుతుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. అందుకే కాయిల్‌కు, ట్యాంకుకు గ్లాస్ కోటింగ్ ఉన్నది చూసి కొనండి. నీళ్లు ఎంత మరిగితే సున్నం అంత పడుతుంది, కాబట్టి వేడి 60 డిగ్రీలు దాటనీయకండి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం రాడ్ ఉంటుంది, తాను అరిగి ట్యాంకును కాపాడుతుంది. ఏటా చలికాలం ముందు విప్పించి, అరిగితే మార్పించాలి. అన్నట్టు, మన బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ కాగబెడితే పోదు. గీజర్ నీళ్లు వంటకు వాడొద్దని అత్తమ్మకు చెప్పు.

సోలార్‌కు మన ఎండలు చాలు గానీ, దాన్నీ సున్నం వదలదు. నీళ్లు మెత్తబరిచే మిషన్ పెట్టినప్పుడు ఆలోచిద్దాం.

గ్యాస్ గీజర్ మాత్రం బాత్రూంలో పెట్టనే పెట్టొద్దు. తలుపు మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా రాదు, మనిషి కూలిపోతాడు. బకెట్‌లో నీళ్లు కాచే కరెంటు రాడ్ వేసే అలవాటు కూడా మానిపించు. ప్లగ్ తీయకుండా చెయ్యి పెట్టి పోయినవాళ్లున్నారు.

ప్లాస్టరింగ్‌కు ముందే గీజర్‌కు వేరే వైరు, పదహారు ఆంపుల పాయింటు పెట్టించండి. స్విచ్ బయటే ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్ వెయ్యి రెండు వేలకు కక్కుర్తిపడి మానేసే వస్తువు కాదు. ఎర్తింగ్ గుంతలో ఎండాకాలం నీళ్లు పొయ్యాలి. మన రాతి నేలల్లో గుంత ఎండితే ఎర్త్ ఉన్నా లేనట్టే.

షాపువాడు ఏడేళ్ల వారంటీ అంటే అది ట్యాంకుకా, కాయిల్‌కా అని అడుగు. రెండూ ఒకటి కావు. సున్నం పడితే ఇస్తారా లేదా కార్డులో చదివాకే డబ్బు కట్టండి.

మీ మేనమామ