చేతికి పట్టీ బిగిస్తే మెదడు గాయం మానుతుందా?

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు. తాడిపత్రి దగ్గరి పల్లెలో వేరుశనగ సేద్యం చేస్తాడు. నెల కిందట బీపీ పెరిగి మెదడులో రక్తస్రావమైంది. ఆపరేషన్ అవసరం రాలేదు గానీ ఎడమ చెయ్యి, కాలు ఇంకా సరిగా ఆడటం లేదు. కర్నూలులో మేము చూపిస్తున్న ఆసుపత్రిలో, మందూ సూదీ లేకుండా చేతికి బీపీ పట్టీ లాంటిది బిగించి వదిలే ఒక చికిత్సను పరీక్షిస్తున్నామని, అందులో చేరతారా అని అడిగారు. రక్తనాళం పగిలిన మనిషికి చేతిలో రక్తం ఆపితే మళ్లీ పగలదా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీ భయం అర్థం లేనిది కాదు. మీరు రాసినదాన్ని బట్టి అది రిమోట్ ఇస్కీమిక్ కండిషనింగ్ అనే పద్ధతి అనిపిస్తోంది. పట్టీలో ఒత్తిడిని సుమారు 200 పాయింట్ల దాకా పెంచి అయిదు నిమిషాలు ఉంచుతారు, అయిదు నిమిషాలు వదులుతారు, ఇలా నాలుగైదు సార్లు చేస్తారు. బిగించినప్పుడు చెయ్యి పాలిపోయి తిమ్మిరెక్కుతుంది. వదిలాక ఎర్రబడి వెచ్చనవుతుంది. కొందరికి చర్మం మీద సన్నటి ఎర్రచుక్కలు కనిపించవచ్చు. ఆగేది చేతిలోని రక్తమే, మెదడుకు వెళ్లేది కాదు. అయితే నొప్పికి బీపీ కాస్త పెరగవచ్చు కాబట్టి, బీపీ ఎంత ఉంటే ఆ రోజు పట్టీ కట్టరో ముందే అడిగి తెలుసుకోండి. స్పర్శ తగ్గిన చేతికి కడితే బాధ తెలియదు కనుక ఏ చేతికి కడతారన్నది కూడా అడగవలసిన మాటే.

ఈ ఆలోచనకు మూలం 1986లో కుక్కల గుండెపై జరిగిన ప్రయోగాలు. కొద్దిసేపు రక్తం ఆపి వదిలిన గుండె కండరం, ఆ తరువాత వచ్చిన పెద్ద దెబ్బను మెరుగ్గా తట్టుకుంది. ఒకచోట ఇచ్చిన ఆ చిన్న శిక్షణ దూరంగా ఉన్న అవయవానికీ మేలు చేస్తుందేమోనన్న ఊహ తరువాత బలపడింది. రక్తస్రావమైన మెదడులో గడ్డకట్టిన రక్తం త్వరగా కరిగి వాపు తగ్గుతుందన్నది పరిశోధకుల ఆశ.

ఆశ వేరు, రుజువు వేరు. చైనాలో 1,700 మందికి పైగా రోగులపై జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో ఈ పట్టీ వల్ల కొంత మేలు కనిపించింది. కానీ వారంతా రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినవారు, రక్తస్రావమైనవారు కారు. డెన్మార్క్‌లో రెండు రకాల రోగులనూ తీసుకుని, అంబులెన్సులోనే పట్టీ మొదలుపెట్టిన అధ్యయనం 2023లో వెలువడింది. 90 రోజుల తరువాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ రెండింటిలోనూ చికిత్స మొదలైంది జబ్బు వచ్చిన తొలి గంటల్లో, తొలి రోజుల్లో. నెల దాటిన మీ నాయనకు ఆ రెండూ నేరుగా జవాబు చెప్పవు.

మీరు ముఖ్యంగా గ్రహించవలసింది మరొకటి ఉంది. రక్తస్రావం తరువాత తొలి మూడు నుంచి ఆరు నెలల్లో చెయ్యీ కాలూ చాలామందిలో ఎంతో కొంత తమంతట తామే కోలుకుంటాయి కాబట్టి, పట్టీ కట్టిన మనిషి లేచి నడిస్తే అది పట్టీ మహిమో శరీరం తనంతట తెచ్చుకున్న బలమో తేల్చడానికి, రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పేరుకు మాత్రమే తక్కువ ఒత్తిడితో పట్టీ కట్టడం సాధారణం. మీ నాయన ఏ జట్టులో పడతారో మీకు ముందుగా తెలియకపోవచ్చు. దాన్ని మోసంగా భావించకండి, అలాగని చేరితే నయమవుతుందన్న నమ్మకంతోనూ చేరకండి.

అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమని అడిగి, ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి. ఎథిక్స్ కమిటీ (రోగుల క్షేమం, హక్కులు చూసే సంఘం) అనుమతి, 'సీటీఆర్‌ఐ' (మన దేశంలో జరిగే ఇలాంటి వైద్య పరీక్షల నమోదు జాబితా) అని మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారో అంగీకార పత్రంలో రాసి ఉండాలి. మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు. మీ నాయనకు మాట, తెలివి బాగుంటే సంతకం ఆయనదే, నిర్ణయమూ ఆయనదే. మీరు పక్కన కూర్చుని చదివి వినిపించండి.

చేరినా చేరకపోయినా బీపీ మాత్రలు, రోజువారీ ఫిజియోథెరపీ ఒక్క పూట కూడా తప్పకూడదు. బీపీని 130/80 దరిదాపుల్లో ఉంచడం మళ్లీ రక్తస్రావం రాకుండా కాపాడుతుందన్నది ఇప్పటికే తేలిన విషయం. ఇంట్లో తువ్వాలు బిగించో, బీపీ మిషన్‌తోనో ఈ ప్రయోగం మీరే చేయవద్దని గట్టిగా కోరుతున్నాను.