పదకొండు రాజ్యాలు, ఒక్క పడవవాడూ లేడు

ప్రశ్న: మా టేబుల్‌టాప్ గేమ్ (గేమ్ మాస్టర్ ఒకరు కథ నడిపిస్తుంటే, మిగతావాళ్లు అందులో పాత్రలై ఏం చేస్తారో చెప్పే ఆట) కోసం ఆరు నెలలు కూర్చుని ఒక ప్రపంచం తయారుచేశాను. పదకొండు రాజ్యాలు, వాటి రాజవంశాలు, రంగులేసిన మ్యాప్ అన్నీ ఉన్నాయి. ఆడడానికి వచ్చిన నలుగురు స్నేహితులూ రెండో ఆదివారానికే ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. లోపం ఎక్కడుంది?
– ఒక గేమ్ మాస్టర్, మల్కాజిగిరి

జవాబు: చదివి నవ్వొచ్చింది, మీ మీద కాదు. నేనూ ఒకప్పుడు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ నింపాను. మొదటి రోజు ఆటలో పడవ దిగగానే మావాడొకడు రాజుగారి పేరు అడగలేదు. "ఈ రేవులో టీ ఎక్కడ దొరుకుతుంది? పడవవాడికి ఎంతివ్వాలి?" అన్నాడు. నా నోట్‌బుక్‌లో నలభై పేజీల వంశవృక్షం ఉంది, పడవవాడు లేడు.

పైనుంచి కిందికి కట్టుకుంటూ వస్తే ఇదే చిక్కు. 1974లో వచ్చిన ఇలాంటి ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని రూపొందించిన ఇద్దరిలో గేరీ గైగాక్స్ ఒకరు. ఆయన సొంత ప్రపంచం గ్రేహాక్ కూడా మొదట్లో ఒక కోట, దాని కింది నేలమాళిగలే. దేశాలన్నీ తర్వాత పుట్టుకొచ్చాయి.

ఒక ఆదివారం ఆట మానేసి అందరూ గోల్కొండ వెళ్లండి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండమీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది కదా, దాన్నే ఎత్తి నా ఆటలో పెట్టాను. ఈ వాకిట్లో ఏ చప్పుడైనా పైన కాపలావాళ్లకి తెలిసిపోతుందని చెప్పానంతే. మావాళ్లు గుర్రాల గిట్టలకి గోనెపట్టాలు చుట్టారు. ఒకామె కాళ్ల పట్టీలు తీసి పమిట చెంగులో మూటకట్టుకుంది. ఎత్తు పారిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల డైస్ వేశారు. పెద్ద అంకె పడాలి, మూడే పడింది, దొరికిపోయారు. మరుసటి వారం ఎత్తు మార్చారు: రాత్రంతా గంటకోసారి చప్పట్లు కొట్టి పారిపోవడం. తెల్లవారుజాముకి కాపలావాళ్లు విసుగెత్తి లేవడం మానేశారు. నేను రాసుకున్న కథలో ఇదేదీ లేదు.

ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని ఆ కోట, 1687లో లోపలివాడొకడు లంచం తీసుకుని తలుపు తీస్తే పడిపోయింది. మీ రాజ్యాల్లో తలుపు కాసేవాడెవడు? వాడికి అప్పెంత? కూతురి పెళ్లెప్పుడు? ముందు ఇవి రాసుకోండి.

ఆపద కావాలంటే మూసీ ఉంది. 1908 సెప్టెంబర్ 28 వరదలో అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందా చెట్టు. వేలమంది పోయిన వరద కాబట్టి ఆటలోకి తేవడానికి కొంచెం జంకాను. చివరికి ఊరు, నది పేర్లు మార్చి తెచ్చాను. కొమ్మ మీద ఇంకొక్కరికే చోటుంది. కింద నీళ్లలో ఇద్దరున్నారు: ఊరంతటికీ అప్పులిచ్చిన షావుకారు చంకలో ఖాతాపుస్తకంతో, పక్కనే అతని వంటవాడు. ఆ సాయంత్రం ఎవరి ఫోనూ వెలగలేదు.

వచ్చే ఆదివారానికి ఒక్క పేజీ చాలు. ఒక వాకిలి, ముగ్గురు మనుషులు, ఎవరికేం కావాలో, మీ స్నేహితులు కలగజేసుకోకపోతే ఏమవుతుందో రాయండి. మ్యాప్ పారేయకండి, గోడకి తగిలించండి. వాళ్లు ఏ రాజ్యం వైపు వేలు చూపిస్తే ఆ రాత్రి దాని గురించి రాసుకోవచ్చు.

ప్రశ్న: ఇరవై ముఖాల డైస్ కొనకుండా ఆడలేమా?
– ఇంటర్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆడొచ్చు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకోండి. తీసిన చీటీ మళ్లీ గ్లాసులో వేయడం మర్చిపోవద్దు. గవ్వలు మాత్రం వద్దు. మా అమ్మమ్మ మాట విని ఒకసారి అష్టాచెమ్మా గవ్వలతో ఆడాం. రెండు పడినన్నిసార్లు అష్టా పడదు కదా, ఆ రోజు ఒక్క రాక్షసుడూ చావలేదు.