అవ్వ పింఛను, బడ్జెట్ పుస్తకం

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే "పింఛను ఎందుకు ఆగిందని అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది మావయ్యా" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా.

బడ్జెట్ ప్రసంగం టీవీలో విని ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. మంత్రిగారు చదివేది కేటాయింపు. అది అవ్వ చేతికి రావాలంటే ఆ డబ్బు వాడుకోమనే ఉత్తర్వు, అంటే బడ్జెట్ రిలీజ్ ఆర్డర్, రావాలి, బిల్లు పాసవ్వాలి, ఖజానాలో డబ్బుండాలి. నేను సర్కారు బిల్లులు పాసుచేసే సబ్ ట్రెజరీలో ఉండగా ఒక మార్చి 31 రాత్రి పదకొండు దాటాక హాస్టల్ వార్డెన్ ఒకాయన మెస్ బిల్లు కోసం నా టేబుల్ ముందు నిలబడ్డాడు. బడ్జెట్ ఉంది, బిల్లు అందినట్టు టోకెన్ నంబరు కూడా పడింది. కానీ పైనుంచి ఫ్రీజింగ్, చెల్లింపులు ఆపేయమని. పన్నెండు కొట్టేసరికి ఆర్థిక సంవత్సరం అయిపోయి ఆ కేటాయింపు మురిగిపోయింది. కూరగాయల కొట్టువాడికి ఆయనేం చెప్పుకున్నాడో అడగడానికి నాకు నోరు రాలేదు.

అందుకే బడ్జెట్ పుస్తకంలో ఒక్క అంకె చూసి ఆగిపోకు. పింఛన్లు వచ్చే సామాజిక భద్రత పద్దు నంబరు 2235. అక్కడ గడచిన ఏడాది నిజంగా ఖర్చయింది, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది కేటాయింపు పక్కపక్కనే ఉంటాయి. పేపర్లు చివరిదే వేస్తాయి. నేను మొదటిది చూశాకే చివరిదాని దగ్గరికి వెళ్తా.

ఉపాధి హామీనే తీసుకో. కరోనా ఏడాది, 2020-21లో, కేంద్రం ముందు 61,500 కోట్లు పెట్టింది. వలస కూలీలంతా ఊళ్లకు తిరిగొస్తే సవరించి 1,11,500 కోట్లు చేసింది. మరుసటి ఏడాది మళ్లీ 73,000 కోట్లకు దించింది. పనులడిగేవాళ్లు అంతగా తగ్గారా? లేదు, అదీ చాలక 98,000కు సవరించాల్సొచ్చింది. పైగా పాత బకాయిలు కొత్త డబ్బులోంచే కట్టాలి కాబట్టి, పుస్తకంలో ఉన్నదంతా ఆ ఏడాది కూలికి వచ్చేది కాదు. పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని చట్టంలో ఉన్నా మస్టర్‌లో హాజరు వేయించుకుని పనిచేసినవాడు నెలల తరబడి బ్యాంకు చుట్టూ తిరగడం అందుకే. 2025 డిసెంబర్‌లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఏడాదికి 125 రోజుల పనట, మంచిదే. కానీ ఖర్చులో మనలాంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలి. ఆ 40 మన రాష్ట్ర పుస్తకంలో కనబడుతోందా అన్నది నువ్వు చూడాల్సిన అంకె.

ఇక అసలు కోత పెట్టకుండానే కోసే పద్ధతి ఒకటుంది. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా, ఎనభై ఏళ్లలోపు వాళ్లకు, 2007 నుంచీ నెలకు 200 రూపాయలే. పైసా తగ్గించలేదు, కందిపప్పు ధర మాత్రం దానికోసం ఆగలేదు. మిగతాదంతా రాష్ట్రమే వేసుకుంటోంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మన ఆంధ్రలో పింఛను 75 రూపాయలు. 2014లో వెయ్యి, 2024 జూలైలో 4,000. అన్ని రకాల పింఛన్లూ కలిపి అప్పుడు పుచ్చుకునేవాళ్లు సుమారు 65 లక్షల మంది. తలకు వెయ్యి పెంచితే నెలకు 650 కోట్లు, చేతివేళ్ల మీద లెక్కేసుకో.

భారం అంతైనప్పుడు ఏ ఆర్థిక శాఖ అయినా ముందు తలలు లెక్కపెడుతుంది. పింఛను డబ్బు తగ్గిస్తే గొడవ, పేర్లు తగ్గిస్తే "అనర్హుల ఏరివేత". దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, నా కళ్లతో చూశాను. కానీ 2025లో సదరం సర్టిఫికెట్లు, అంటే వైకల్యం ఎంతో చెప్పేవి, మళ్లీ తనిఖీ చేసినప్పుడు మా వీధిలో కాలు ఈడ్చుకుంటూ నడిచే ఒకాయనకూ నోటీసొచ్చింది. చదవడం రాక దేవుడి పటం వెనక దోపి ఉంచాడు.

నీ పని అక్కడుంది. నోటీసు ఇచ్చి సంతకం తీసుకుని వచ్చేయకు. చదివి వినిపించు, ఎంపీడీఓకి అప్పీలు నువ్వే రాసిపెట్టు, రసీదు ఆయన చేతికివ్వు. పింఛను అందనివాళ్లకు ఒక నోటుబుక్ పెట్టుకో: వేలిముద్ర పడలేదా, పేరు తీసేశారా, డబ్బే రాలేదా. మూడింటికీ మందులు వేరు. అన్నిటికీ "సర్వర్ డౌన్" అనేస్తే నీకు సుఖమే, పింఛను అందని అవ్వ మాత్రం వచ్చే నెలా అదే మాట వింటుంది. ఊళ్లో లేక ఒకటి రెండు నెలలు తీసుకోనివాళ్లకు మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు ఉందని కూడా చెప్పు, చాలామందికి తెలియదు.

శివరాత్రికి మీ ఊరొస్తున్నా. నా పాత బడ్జెట్ పుస్తకం తెస్తాను, 2235 దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంచా. ఒకటో తారీఖు పొద్దున్నే పంపిణీకి నీ వెంట వస్తానని అమ్మతో చెప్పు. బండి మీద నా వెనక కూర్చోవడానికి భయపడకు, ఇప్పుడు నెమ్మదిగానే నడుపుతున్నా.

మావయ్య